చెవిలోని జోరీగ: దోమా, ఈగా?

మా పాపకి "చెప్పులోని రాయి" పద్యం చెప్తున్నా, వేమనదే. జోరీగ అంటే దోమ అని తన గైడులో ఉంది, నాకు మింగుడుపడలేదు. మా ఊళ్లో గేదెల మీద వాలే లావుపాటి ఈగనే అలా అనేవాళ్లం. మీవైపు ఏమంటారు?

— మావైపూ అదేనండీ, పశువుల్ని కుట్టి రక్తం తాగేది. పేరు చివర ఈగ కనిపిస్తూనే ఉంది కదా! చప్పుడు విన్నా తెలిసిపోతుంది, దోమ సన్నగా గుయ్‌మంటుంది, జోరీగది బండ రొద. రెండూ రెక్కల చప్పుళ్లే. ఆడదోమ రెక్కలు సెకనుకి 400 నుంచి 600 సార్లు ఆడతాయి, ఇంట్లో ఈగవి సుమారు 200 సార్లు, ఎంత వేగంగా ఆడితే చప్పుడు అంత సన్నగా ఉంటుంది. ఒక్కో ఊపుకీ నరం కబురు పంపుతూ కూర్చుంటే ఇంత వేగం రాదు. ఛాతీ డొప్ప లోపల ఒక జత కండరాలు ముడుచుకుంటే రెండో జత సాగుతుంది, ఆ సాగడంతోనే అది ముడుచుకుని మొదటి జతని లాగుతుంది, డొప్ప అలా అదురుతుంటే రెక్కలు ఆడుతుంటాయి.

— మరి కీచురాయి అరుస్తోంది అంటాం, తప్పేనా?

— తప్పెందుకండీ, వాడుక. కాకపోతే నోటితో కాదు, ఒక ముందు రెక్క మీద రంపం పళ్లలాంటి వరస ఉంటుంది, రెండో రెక్క అంచుతో దాన్ని గీరుతుంది, అదీ మగదే. అది గీరుడు కాబట్టే కీచుమంది, కిర్రుమంది అంటాం గానీ గుయ్‌మంది అని ఎవరూ అనరు.

— రాత్రి నా చెవి దగ్గర పాడేది మగదోమా ఆడదోమా 😀

— కుట్టేది ఆడదే, మన ఊపిరిని పసిగట్టి తల చుట్టూ తిరుగుతుంది. మగదానికి ఆ పాటే ఆనవాలు, మీసాలతో వింటుంది.

— అడిగింది నేనే. గైడులో దోమ కొట్టేసి ఈగ అని రాశాను. ఇంకోటి తట్టింది. రాయి, నలుసు, ముల్లు మూడూ ఒంట్లో గుచ్చుకునేవి, జోరీగ ఒక్కటే రొదతో చంపేది. చివర్లో వచ్చే ఇంటిలోని పోరూ అంతే కదండీ, పోరుపెడుతున్నారు అంటామే, అది. గైడులో పోరు అంటే యుద్ధం అని ఉంది, దాన్నీ కొట్టేయాలి.