ఉక్కపోత ఊళ్లో ఉంగరాల జుట్టు: నూనె ఎప్పుడు, జెల్ ఎప్పుడు?

ఉంగరాలపాయ
వైజాగ్‌లో ఉంటాను. భుజాలు దాటిన అలల జుట్టు, రంగు గానీ స్ట్రెయిటనింగ్ గానీ వేయించలేదు. తలస్నానం చేసిన గంటకే పైపొర అంతా లేచి పిచ్చుకగూడులా అవుతోంది. ఆరాక కొబ్బరి నూనె రాస్తే కొనలు జిడ్డుగా వేలాడుతున్నాయి, పైన మాత్రం అలాగే లేస్తోంది. నూనె మార్చాలా, సీరం వాడాలా?

సాగరతీరం
నూనె మార్చక్కర్లేదండీ, రాసే వేళ మార్చండి. వెంట్రుక గాలిలోని తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. లోపల ప్రొటీన్‌ను ఒక ఆకారంలో పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు నీరు తగలగానే విడిపోయి, ఇష్టమొచ్చినట్టు మళ్లీ కట్టుకుంటాయి. ఆరిన జుట్టు మీద రాసిన నూనె ఆ తేమను పూర్తిగా ఆపలేదు, బరువు మాత్రం పెంచుతుంది.

కొబ్బరి నూనె అసలు పని స్నానానికి ముందే. అందులోని లారిక్ ఆమ్లం చిన్న అణువు కాబట్టి వెంట్రుక లోపలికి దిగుతుంది. 2003లో కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చిన పరిశోధనలో ప్రొటీన్ నష్టాన్ని చెప్పుకోదగ్గంత తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. మీ పొడవుకు రెండు టీస్పూన్లు చాలు. చెవుల దగ్గర నుంచి కొనల దాకా పాయపాయకీ పట్టించి, కనీసం రెండు గంటలు ఉంచి తల రుద్దుకోండి. చుండ్రు ఉంటే మాడుకు నూనె వద్దు. చుండ్రుకు కారణమయ్యే మలసీజియా అనే ఫంగస్‌కు ఆ కొవ్వే తిండి.

మందారాకు
స్నానం తర్వాత కావలసింది జెల్ అండీ. ఇంట్లో చేసుకునేదైతే అవిసె గింజలది. పావు కప్పు గింజలకు రెండు కప్పుల నీళ్లు పోసి సన్నసెగ మీద కలుపుతూ ఉండండి, వదిలేస్తే అడుగంటుతాయి. ఎనిమిది పది నిమిషాలకు తెల్లటి నురగ వస్తుంది. గరిటె ఎత్తితే జారు పచ్చి గుడ్డు తెల్లసొనలా తీగ సాగాలి, ఆ క్షణమే దించేయండి. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే ముద్దయిపోయి ఏ జల్లెడలోనూ దిగదు. వేడిగా ఉండగానే పలుచటి వాయిల్ గుడ్డలో వడకట్టండి. చల్లారితే గింజలకే అంటుకుపోతుంది. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, వాసన మారితే పారబోయండి.

రాసే తీరు ఇంకా ముఖ్యం. నీళ్లు కారుతుండగానే రాయాలి. తువ్వాలుతో తుడిచాక రాస్తే అప్పటికే విడిపోయిన వెంట్రుకలను మళ్లీ ఒక పాయగా కూర్చలేరు. ముందు లీవ్-ఇన్ కండిషనర్ (రాసి కడగకుండా వదిలేసేది) రూపాయి బిళ్లంత, దాని మీద జెల్ రెండు మూడు టీస్పూన్లు. తల వంచి కొనలను గుప్పిట్లో పైకి నొక్కండి. పాత నూలు బనీనుతో అదిమి నీరు తీయండి, రుద్దకండి.

ఉంగరాలపాయ
థాంక్సండీ, ఆదివారం చేసి చూశాను. పైన లేవడం బాగా తగ్గింది. కానీ జుట్టు కర్రలా బిగుసుకుంది, అక్కడక్కడా తెల్లటి పొట్టు రాలింది.

మందారాకు
బిగుసుకోవడం మంచిదే. గంజి పెట్టిన చీర ఆరినట్టు జెల్ పొర కడుతుంది, ఆ పొరే ఆకారాన్ని పట్టి ఉంచుతుంది. పూర్తిగా ఆరేదాకా చెయ్యి పెట్టకండి. ఆరాక అరచేతుల్లో రెండు చుక్కల నూనె రుద్దుకుని, జుట్టును గుప్పిట్లో మెల్లగా నలపండి. కరకరమని పొర విరిగి మెత్తబడుతుంది. ఆరాక నూనెకు చోటు అంటే అదొక్కటే.

పొట్టు రాలిందంటే లీవ్-ఇన్‌కీ జెల్‌కీ పడలేదు. వాడే ముందు రెండూ ఒక్కో చుక్క అరచేతిలో కలిపి చూడండి. నున్నగా కలిస్తే సరే, పెరుగు విరిగినట్టయితే ఒకటి మార్చాలి.

బోరునీళ్లు
హైదరాబాద్‌లో బోరు నీళ్లు వాడేవాళ్లకు ఇంకో తిప్పలు ఉంది. కాల్షియం, మెగ్నీషియం జుట్టుకు పట్టి బరుసెక్కిస్తాయి, ఏ కండిషనర్ రాసినా పని చేయనట్టే ఉంటుంది. బకెట్‌కు తెల్లచారలు, కుళాయి మూతికి సున్నం కడుతుంటే ముందు దీన్నే అనుమానించండి. నెలకు ఒకటి రెండుసార్లు, పదార్థాల పట్టీలో టెట్రాసోడియం ఈడీటీఏ (ఆ ఖనిజాలను పట్టి వదిలించేది) ఉన్న క్లారిఫయింగ్ షాంపూతో, అంటే జుట్టుకు పేరుకున్నది కడిగేసే షాంపూతో రుద్ది, వెంటనే కండిషనర్ పెట్టాలి. మామూలు రోజుల్లో లీటరు నీటికి టేబుల్‌స్పూన్ వెనిగర్ కలిపి, షాంపూ తర్వాత పోసుకుని నిమిషం ఆగి కడిగేయండి. కళ్లలో పడనివ్వొద్దు, మాడు మీద పుండ్లుంటే అసలు వద్దు.

సాగరతీరం
వైజాగ్ గాలికి ఇంకో మాట. లీవ్-ఇన్ పట్టీలో గ్లిజరిన్ మొదటి నాలుగైదు పేర్లలోనే కనిపిస్తే జూన్ నుంచి అక్టోబరు దాకా పక్కన పెట్టండి. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు అది ఇంకా లాగి వెంట్రుకను ఉబ్బిస్తుంది. సీరం అడిగారు కదా, ఆ రోజుల్లో అమోడైమెథికోన్ అనే సిలికోన్ ఉన్నది నయం. దెబ్బతిన్న చోటే ఎక్కువ పట్టుకుంటుంది, పొరలు పొరలుగా అంతగా పేరుకోదు. సిలికోన్ అంటే విషమన్నట్టు ప్రచారం చేస్తున్నారు, అది తప్పు. వారానికోసారి మంచి షాంపూతో కడిగితే ఏ ఇబ్బందీ ఉండదు.

వేడిదువ్వెన
జుట్టు సాపు చేసే వేడి ఐరన్ వాడేవాళ్లు దయచేసి తడి జుట్టు మీద పెట్టకండి. లోపలి నీరు ఆవిరై వెంట్రుకలోనే బుడగలు కడతాయి, అక్కడే వెంట్రుక తెగిపోతుంది. ఆ చిట్లిన కొనలే మళ్లీ పైకి లేస్తాయి, వాటిని కత్తిరించడం తప్ప మందు లేదు. పూర్తిగా ఆరాక, హీట్ ప్రొటెక్టెంట్ (వేడి నుంచి కాపాడే పూత) రాసి, 180 డిగ్రీలు దాటకుండా ఒక్కో పాయ మీద ఒక్కసారి చాలు.

సెలూన్లో కెరాటిన్ (జుట్టు సాపు చేసే ట్రీట్‌మెంట్) చేయించే ముందు సీసా చూపించమనండి. ఫార్మాల్డిహైడ్ ఉంటే వద్దు. ‘ఫార్మాల్డిహైడ్ లేదు’ అని రాసినవాటిలో తరచూ గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉంటుంది. దానితో కిడ్నీ దెబ్బతిన్న కేసు 2024లో వైద్య పత్రికలోనే వచ్చింది.

ఉంగరాలపాయ
అమ్మ ఆముదం రాయమంటున్నారు. జెల్ బదులు పనికొస్తుందా?

మందారాకు
ఒట్టి ఆముదం వద్దండీ, బాగా చిక్కన. పొడవు జుట్టుకు దట్టంగా పట్టించి గట్టిగా రుద్దితే ఉండకట్టి, విప్పలేని చిక్కు పడే ప్రమాదం ఉంది. అమ్మగారి మాట కాదనలేకపోతే ఒక పాలు ఆముదానికి నాలుగు పాళ్లు కొబ్బరి నూనె కలిపి, స్నానానికి ముందు, కొనలకే. చిక్కు తీసేటప్పుడు కండిషనర్ ఉండగానే వెడల్పు పళ్ల దువ్వెనతో కింది నుంచి పైకి రండి.