అప్‌డేట్: అమ్మతో దోహా, టాక్సీ ఎక్కకుండా

అమ్మను ఖతార్ రాజధాని దోహా తీసుకెళ్తున్నాను, టాక్సీ లేకుండా పాత బజారు, కొత్త టవర్లు రెండూ చూడగలమా అని అడిగాను కదా. నిశ్చింతగా చూడవచ్చు, చూసి వచ్చాం.

మేం వెళ్లినప్పుడు మెట్రోలో ఒక ప్రయాణానికి 2 రియాళ్లు, రోజు పాసు 6 ఉండేవి. గోల్డ్ లైన్‌లో సూక్ వాకిఫ్ స్టేషన్ దిగితే అదే పేరున్న పాత బజారు పక్కనే. వెస్ట్ బే టవర్లకు ముషైరిబ్‌లో రెడ్ లైన్‌కు మారాలి. ఆ టవర్ల కింద నిలబడి మెడ నొప్పి తెచ్చుకోకండి. కార్నిష్ అనే సముద్రపు ఒడ్డు దారి మీద, నీటికి ఇవతల నుంచే అవి అందంగా ఉన్నాయి.

బజారుకు సాయంత్రమే వెళ్లండి, మధ్యాహ్నం చాలా దుకాణాలు మూసేస్తారు. మసాలా దినుసుల సందులో అమ్మ నల్లటి ఎండు నిమ్మకాయల దగ్గర ఆగిపోయింది. మచ్‌బూస్ అనే మాంసపు అన్నంలో వేస్తారట. బేరమంతా ఆవిడే ఆడింది, అదీ వచ్చీరాని హిందీలో! కళ్లకు తోలు టోపీలు పెట్టిన వేట డేగల దుకాణాలు ఒక పక్క, వాటికోసమే ఒక ఆసుపత్రి. ఈ కట్టడాల్లో చాలా వరకు 2000ల దశకంలో పాత పద్ధతిలో బాగుచేసినవే. అది తెలిశాక కూడా నాకు ముచ్చట తగ్గలేదు.

ఐ.ఎం. పే రూపకల్పన చేసిన ఇస్లామిక్ కళల మ్యూజియం చూడమన్నవారికి ధన్యవాదాలు. బజారు నుంచి నడిచి వెళ్లవచ్చన్నారు. చల్లబడ్డాక సరే, ఎండలో పెద్దవాళ్లతో మాత్రం వద్దు.