కెన్యా 2007-08 హింస: పోలీసు కాల్పుల మృతులను జాతి దాడుల మృతుల నుంచి విడదీయడమెలా?

2007 డిసెంబరు 27 ఎన్నికల తర్వాత కెన్యాలో చెలరేగిన హింసకు ఊళ్లవారీగా పట్టిక వేస్తుంటే ఒకచోట చిక్కు పడుతోంది. తెలిసినవాళ్లు దారి చూపగలరా?

ఈ హింసపై విచారణ జరిపిన వాకీ కమిషన్ లెక్కలో మొత్తం మృతులు 1,133. వాళ్లలో 405 మంది తూటాలకే పోయారు. ‘తెగలు కొట్టుకు చచ్చాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేసే వ్యాసాలు ఈ అంకె జోలికే పోవు! కిసుములో నిరసనకారుల మీద పోలీసులు జరిపిన కాల్పులు వేరు. ఎల్డొరెట్ దగ్గర కియంబాలో జనవరి 1న, చర్చిలో తలదాచుకున్న కికుయు తెగవాళ్లను, ఎక్కువగా ఆడవాళ్లనూ పిల్లలనూ, తలుపులు మూసి తగలబెట్టడం వేరు. జనవరి చివర్లో నైవాషాలో లువో తెగవాళ్ల మీద కికుయు గుంపులు తీర్చుకున్న ప్రతీకారం ఇంకో రకం. మూడింటినీ ‘జాతి ఘర్షణ’ అనే గడిలోనే వేస్తే ప్రభుత్వ బాధ్యత మాయమైపోతుంది.

అలాగని తూటా గాయాలన్నీ పోలీసుల ఖాతాలో వేసేయలేం. బాణం, వేటకత్తి గాయాలైతే దాడి చేసింది గుంపేనని చాలావరకు అనుకోవచ్చు. పేరు చూసి తెగ ఊహించడమూ ప్రమాదమే, కులాంతర పెళ్లిళ్లలాగే అక్కడ తెగాంతర పెళ్లిళ్లున్నాయి.

శవపరీక్ష వివరాలు, తేదీ, స్థలం కలిపి చూస్తే సరిపోతుందా? హంతకులెవరో తేలని మరణాలకు విడిగా గడి పెట్టాలా? ఎల్డొరెట్, నైవాషాలున్న రిఫ్ట్ వ్యాలీ ప్రాంతంలో 1992 నాటి భూమి గొడవలను ఇదే పట్టికలో చూపడం సబబేనా?