దుబాయ్ పార్టీ పేరు ఆంక్షల జాబితాలో తగిలింది, బేరం వదులుకోవాలా?

ప్రశ్న (మిర్చి ఎగుమతి, గుంటూరు): నమస్కారం. దుబాయ్ నుంచి కొత్త పార్టీ ఒకటి ఒక కంటైనర్ ఎండుమిర్చి అడుగుతోంది. డైరెక్టర్ పేరును అమెరికా ఓఫాక్ (ఎవరితో లావాదేవీలు చేయకూడదో ఆ ఆంక్షల జాబితా నడిపే అక్కడి ఆర్థిక శాఖ విభాగం) వెబ్‌సైట్‌లో వెతికితే అదే పేరుతో ముగ్గురు కనిపించారు. డబ్బు డాలర్లలో వస్తుంది. బ్యాంకుకు చెబితే ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు (రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, విదేశీ వ్యాపార విభాగం): అప్పుడే వదులుకోకండి సర్. మహమ్మద్, అలీ, హుస్సేన్ అని కొడితే ఎవరో ఒకరు తగలక మానరు. ఓటర్ల జాబితాలో సుబ్బారావును వెతికినట్టే ఉంటుంది. ఆ ముగ్గురి వివరాలూ తెరిచి పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, దేశం, పాస్‌పోర్ట్ నంబర్ చూడండి. మీ పార్టీ పాస్‌పోర్ట్ కాపీ తెప్పించుకుని పోల్చండి. జాబితాలో కొందరికి పుట్టిన సంవత్సరం ఒక్కటే, అదీ సుమారుగా ఉంటుంది. కాబట్టి తేదీ ఒక్కటీ కలవలేదని తేల్చేయకూడదు.

ఆ సైట్‌లో స్కోర్ (పేరు ఎంత దగ్గరగా కలవాలో చెప్పే అంకె, 100 అంటే అచ్చంగా అదే పేరు) తగ్గించుకునే వీలుంది. అరబిక్ పేర్లను ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు, అందుకని 100తో ఆగకండి. ఎంత పెట్టాలో ఓఫాక్ చెప్పదు. నేనైతే 85తో మొదలుపెడతాను.

ప్రశ్న: కంపెనీ పేరు ఎక్కడా తగల్లేదండీ. అటువైపు ఇబ్బంది లేనట్టేనా?

జవాబు: అసలు చిక్కు అక్కడే. ఓఫాక్‌కు 50 శాతం నియమం ఉంది. జాబితాలో ఉన్నవాళ్ల వాటాలన్నీ కలిపి 50 శాతమో అంతకన్నా ఎక్కువో అయితే, కంపెనీ పేరు ఎక్కడా లేకపోయినా దానికీ ఆంక్షలు వర్తిస్తాయి. ఒకరికి 30, ఇంకొకరికి 20 ఉన్నా చాలు. అందుకే డైరెక్టర్ కన్నా యజమానులెవరో ముందు చూడాలి. దుబాయ్ ఫ్రీ జోన్ (విదేశీ వ్యాపారాల కోసం పెట్టిన ప్రత్యేక ప్రాంతం) కంపెనీల వాటాదారుల వివరాలు చాలావరకు బయట దొరకవు. ట్రేడ్ లైసెన్స్‌తో పాటు వాటాల సర్టిఫికెట్ కూడా అడగండి. బ్రిటన్ కంపెనీ అయితే మనకింత తిప్పలుండదు. 25 శాతం దాటిన యజమానుల పేర్లు అక్కడి కంపెనీల రిజిస్ట్రార్ అయిన కంపెనీస్ హౌస్ సైట్‌లో ఉచితంగానే కనిపిస్తాయి.

జవాబు (సాఫ్ట్‌వేర్, హైదరాబాద్): ఒక్కో జాబితా విడిగా వెతకలేకపోతే ఓపెన్‌శాంక్షన్స్ చూడండి అన్నా. అమెరికా, ఐక్యరాజ్యసమితి, యూరప్, బ్రిటన్ జాబితాలన్నీ ఒక్కచోటే ఉంటాయి. ఆ డేటాను వ్యాపారానికి వాడుకోవాలంటే మాత్రం లైసెన్స్ కొనాలి. ప్రభుత్వాల సొంత జాబితాలు ఎలాగూ ఉచితమే.

ప్రశ్న: మన దేశంలో ఉండి అమెరికా జాబితా ఎందుకు చూడాలి?

జవాబు (రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి): డాలర్ చెల్లింపు సాధారణంగా అమెరికా బ్యాంకు గుండానే వస్తుంది. అక్కడ ఆగితే మీ సరుకు వెళ్లిపోయాక డబ్బు ఇరుక్కుంటుంది. ఐక్యరాజ్యసమితి ఉగ్రవాద జాబితాల సంగతి వేరు. మన ఉగ్రవాద నిరోధక చట్టం యూఏపీఏ 51ఏ సెక్షన్ కింద అవి మన దగ్గరే అమలవుతాయి. బ్యాంకు దగ్గర దాచకండి, ముందే చెబితే వాళ్లే మీకు సాయపడతారు. వెతికిన పేజీలను తేదీ కనిపించేలా సేవ్ చేసి, ఆ ముగ్గురూ మీ పార్టీ ఎందుకు కాదో పక్కన రాసి ఇవ్వండి.

ప్రశ్న: అడ్వాన్స్ ముందు పంపుతాం, వాటాల కాగితం తర్వాత ఇస్తాం అంటున్నారు.

జవాబు: కాగితం వచ్చేదాకా అడ్వాన్స్ తీసుకోవద్దు, కంటైనర్ బుక్ చేయొద్దు. సరుకు ఎక్కించే రోజున అవే పేర్లు మళ్లీ ఒకసారి వెతకండి, ఈలోపు జాబితా మారి ఉండొచ్చు.