చిన్న పిల్లాడిని ఇంట్లో ఉంచి అగ్నిపర్వతం చూడటానికి వెళ్లడం తప్పా?

పానగల్లు గట్టు:
మాది నల్లగొండ. పోయిన నెల నేనూ మా ఆవిడా ఇండోనేషియాలో, తూర్పు జావాలోని ఇజెన్ అగ్నిపర్వతానికి వెళ్లి వచ్చాం. ఆరేళ్ల బాబును అత్తగారి దగ్గర ఉంచాం. అర్ధరాత్రి దాటాక పాల్టుడింగ్ దగ్గర నడక మొదలుపెట్టి మూడు కిలోమీటర్లు ఎక్కాలి. నేను బిలంలోకి, అంటే అగ్నిపర్వతం నోటి గుంటలోకి, దిగి నీలి మంటలు చూశాను. పగుళ్లలోంచి వచ్చే వేడి గంధకపు వాయువులు గాలి తగలగానే అంటుకుని నీలంగా మండుతాయి. పక్కనే పచ్చనీలం సరస్సు. అంతటి దృశ్యం నా జన్మలో చూడలేదు. ఇంటికి వచ్చాక మా బావమరిది "పసివాడిని వదిలి చావు అంచుకు వెళ్లారు" అని నలుగురి ముందూ అన్నాడు. అది నిద్రాణ అగ్నిపర్వతం, లావా కూడా లేదు. తప్పెక్కడ ఉందో చెప్పండి. ఎక్కేటప్పుడు తీసిన ఫొటో పెడుతున్నాను.

భూమి పొరలు:
"నిద్రాణ" అన్న మాట తప్పు. ముప్పై ఏళ్లు పిల్లలకు భూగోళం చెప్పినవాడిని, ఈ మాటను వదిలిపెట్టలేను. ఇజెన్ క్రియాశీల అగ్నిపర్వతం. 1817లో పేలింది, 1999లోనూ చిన్న పేలుడు జరిగింది. లావా కనిపించకపోతే భయం లేదనుకోవడం మరీ పొరపాటు. అడుగున ఉన్న వేడికి భూగర్భజలం ఒక్కసారిగా ఆవిరై రాళ్లను ఎగజిమ్ముతుంది. దానికి ముందస్తు సూచన దొరకకపోవచ్చు. 2014 సెప్టెంబరు 27న జపాన్‌లోని ఒంటాకే అలాగే పేలింది. ఆ రోజు అక్కడ ఉన్నది అన్నిటికంటే తక్కువ హెచ్చరిక స్థాయి. కొండెక్కినవారిలో 63 మంది చనిపోవడమో గల్లంతవడమో జరిగింది.

సాగరు రోడ్డు:
రోజూ ఇక్కడి రోడ్ల మీద బండి నడపడం కంటే అది ప్రమాదమా? వెళ్లిరండి అన్నా.

పానగల్లు గట్టు:
మాస్కులు పెట్టుకున్నాం, గైడు వెంట ఉన్నాడు. అక్కడి ప్రభుత్వం అనుమతిస్తేనే వెళ్లాం. నిద్రాణమో క్రియాశీలమో, మేం క్షేమంగా తిరిగి వచ్చాం.

భూమి పొరలు:
క్షేమంగా రావడం రుజువు కాదండీ. న్యూజీలాండ్‌లోని వకారీ అగ్నిపర్వత దీవికి కూడా జనం అనుమతితో, గైడ్లతోనే వెళ్లారు. 2019 డిసెంబరు 9న అది పేలినప్పుడు దీవి మీద 47 మంది ఉంటే 22 మంది చనిపోయారు. మీరు చూసిన ఇజెన్‌లోనే 2024 ఏప్రిల్‌లో ఒక పర్యాటకురాలు ఫొటో కోసం నిలబడి అంచు మీది నుంచి పడిపోయింది. మన అండమాన్‌లో బారెన్ దీవి అనే అగ్నిపర్వతం ఉంది. పడవలోంచి చూసి రావాలి, ఒడ్డున దిగనివ్వరు. అది సరైన పద్ధతి. ముందు ఆ మాట సరిచేయండి.

పాలమూరు కావడి:
మాటల సంగతి తర్వాత. ఫొటోలో మీ ఆవిడ ఒక తోపుడుబండిలో కూర్చుని ఉన్నారు. ముందు ఇద్దరు తాడుతో లాగుతున్నారు, వెనక ఒకరు నెడుతున్నారు. ఎవరు వాళ్లు?

పానగల్లు గట్టు:
అక్కడ గంధకం మోసే పనివాళ్లు. అడిగినంతా ఇచ్చాం, బేరం కూడా ఆడలేదు.

పాలమూరు కావడి:
మా తాత సాగరు ఆనకట్టకు రాళ్లు మోశాడు. అంత పెద్ద రాతికట్టడం మనుషుల భుజాల మీదే పైకి లేచింది. ఆయన కుడి భుజం మీద నిమ్మకాయంత కాయ ఉండేది, చిన్నప్పుడు నేను దాన్ని నొక్కి ఆడుకునేవాడిని. మా నాన్న వేరే రాష్ట్రంలో కాలువ పనికి పోయి, రాళ్లు పేల్చేటప్పుడు కాలు పోగొట్టుకున్నాడు. తీసుకెళ్లిన మేస్త్రీ బస్సు చార్జీ చేతిలో పెట్టి పంపేశాడు. ఇజెన్ కూలీలు మన కావడి లాంటి దానితోనే డెబ్బై నుంచి తొంభై కిలోల గంధకం బిలంలోంచి పైకి మోస్తారు. వాళ్ల భుజాల మీదా అవే కాయలు. ఆ మనుషుల చేత బండి లాగించుకుని, మీకు జరగబోయిన ప్రమాదం గురించి ఇక్కడ తీర్పు అడుగుతున్నారా?

పానగల్లు గట్టు:
మేం ఎక్కకపోతే వాళ్లు మళ్లీ గంధకమే మోయాలి. ఆ పూట కూలి మీరు ఇస్తారా? ఇక్కడ కూర్చుని నన్ను దొర అన్నట్టు మాట్లాడటం తేలిక.

పాలమూరు కావడి:
దొర అన్నది మీరే. నేను అనలేదు.

సాగరు రోడ్డు:
ఇద్దరూ శాంతించండి.

నల్లరేగడి:
ఆ బండిలో కూర్చున్నది నేనే. సగం దారిలో ఊపిరి అందక ఎక్కాను. అన్నా, మీ మాట నాకు గుచ్చుకుంది, కానీ కోపం రాలేదు. వెనక నుంచి నెట్టిన పెద్దాయన ప్రతి మలుపులోనూ ఆగి దగ్గుతుంటే, దిగిపోతానని సైగ చేశాను. ఆయన వద్దన్నాడు. దిగితే కూలి తగ్గుతుందని భయపడ్డాడేమో.

మా ఆయన రాయనిది ఒకటి ఉంది. అంచు దగ్గర పొగ మా వైపు తిరిగింది. నేను దిగను, మీరూ దిగవద్దు, ఇంట్లో బాబు ఉన్నాడు అన్నాను. ఇంత దూరం వచ్చి, ఇంత డబ్బు పెట్టి చూడకుండా పోతామా అని గైడుతో కలిసి లోపలికి వెళ్లిపోయారు. గంటన్నర ఆ చీకట్లో నాకు ఆయన టార్చి కనిపించలేదు. ఆ పెద్దాయన తన దుప్పటి నాకు కప్పి, బండి పక్కనే కూర్చున్నాడు. తిరిగొచ్చాక కూడా మా ఆయన మంటల గురించే చెప్పారు. మా అన్నయ్య నలుగురిలో అన్నది నేను ఏడుస్తూ చెప్పిన ఈ మాట విని.

పాలమూరు కావడి:
చెల్లెమ్మా, నా కోపం నీ మీద కాదు. ఆ పెద్దాయనకు దుప్పటి తిరిగి ఇచ్చావా?

నల్లరేగడి:
ఇచ్చాను అన్నా. నా శాలువా కూడా ఇచ్చాను.

భూమి పొరలు:
అమ్మా, పొగ తిరిగినప్పుడు ఆగిపోవాలన్న నీ నిర్ణయమే సరైనది. గాలి మారితే ఆ వాయువు బిలం అడుగున ఉన్నవాళ్లనే ముందు పట్టుకుంటుంది.

పానగల్లు గట్టు:
మాస్టారూ, మొదటి పోస్టులో "నిద్రాణ" తీసేసి "క్రియాశీల" అని మారుస్తాను. గంటన్నర అయిందని నాకు తెలియదు. పావుగంట అనుకున్నాను. మిగతాది ఇంట్లో మాట్లాడుకుంటాం. బావమరిదికి ఇప్పుడే ఫోను చేస్తున్నాను.