ఆటలమ్మ పోస్తే తప్పు రోగిదా?

గోస్తని ఒడ్డు:
అమ్మ నాకు కిడ్నీ ఇచ్చి నాలుగేళ్లయింది. నా ఒళ్లు దాన్ని పరాయిదనుకుని పాడు చేయకుండా పొద్దున ఏడింటికి, రాత్రి ఏడింటికి టాక్రోలిమస్ వేసుకుంటాను. ఆ మందుతోనే రోగనిరోధక శక్తి తగ్గిపోతుంది. పోయిన నెల బావమరిది గృహప్రవేశానికి వెళ్లాను. మాస్కు తీయలేదు, భోజనం విడిగా గదిలో తిన్నాను. వాళ్ల మూడేళ్ల బాబు వచ్చి ఒళ్లోకెక్కి, పాయసం అంటిన చేత్తో నా చొక్కా పట్టుకుని నిద్రపోయాడు. మర్నాడు వాడికి వీపు మీద నీటిపొక్కులు లేచాయట. పద్నాలుగో రోజున నాకు జ్వరం, ఆ వెంటనే ఒళ్లంతా పొక్కులు. ఆస్పత్రిలో వారం రోజులు ఆ వైరస్‌ని అణిచే ఎసైక్లోవిర్ మందు ఎక్కించారు. ఇంటికొచ్చాక పెదనాన్న అన్న మాట: "అమ్మ కోసి ఇచ్చిన కిడ్నీరా. కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోలేకపోయావా?" అమ్మ ఎదుటే అన్నారు. నేను చేసిన తప్పేంటి?

కరీంనగర్ కోడలు:
తమ్ముడూ, బాధపడకు, నేను మీ పెదనాన్న దిక్కే. మావారిదీ కిడ్నీ మార్పిడే. వద్దంటే వినక పెళ్లికి పోయి ఫ్లూ తెచ్చుకున్నరు. ఐదు రాత్రులు ఆస్పత్రి వరండాల చాపేసుకుని పడుకున్న. పొద్దున, కిడ్నీ ఎట్ల పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చేతికొచ్చేదాకా గుండె గుండెల ఉండేది కాదు. రోగం మీకొస్తది, ఇంటిల్లిపాదీ పడాలె.

ఉప్పుటేరు:
అక్కా, మీ భయం నాకు తెలుసు. కానీ తిడితే ఏమవుతుందో కూడా చూశాను. మా చెల్లికి లూపస్, అంటే రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు. దాన్ని అణచడానికి స్టెరాయిడ్లు వాడుతోంది. మొన్న జ్వరమొస్తే రెండు రోజులు దాచింది. ఎందుకే అంటే, "మళ్లీ ఎక్కడ తిరిగొచ్చావని అడుగుతారుగా" అంది. ఆ రెండు రోజుల్లో ఇన్ఫెక్షన్ ఊపిరితిత్తుల్లోకి దిగింది.

వార్డు సిస్టరు:
పొక్కులు కనపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆటలమ్మ అంటుకుంటుంది. గాలిలోనూ పాకుతుంది. ఆ రోజు బాబుని చూసి ఎవరూ పోల్చలేరు. దీని టీకాలో బతికున్న వైరస్ ఉంటుంది కాబట్టి మార్పిడికి ముందే వేయించాలి, తర్వాత మామూలుగా వేయరు. మీకు ముందు చెప్పారా? ఇంకొకటి, బాబుకి పొక్కులొచ్చాయని మీకెప్పుడు తెలిసింది? పది రోజుల లోపు, ఎంత తొందరగా అయితే అంత మంచిది, ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే వైరస్‌తో పోరాడే రెడీమేడ్ యాంటీబాడీలు, ఇచ్చే అవకాశం ఉండేది.

గోస్తని ఒడ్డు:
టీకా సంగతి ఎవరూ చెప్పలేదు సిస్టరూ. పొక్కుల సంగతి పన్నెండో రోజున తెలిసింది. కొత్తింట్లో అమ్మవారు పోసిందంటే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని గుమ్మానికి వేపమండలు కట్టి, గుట్టుగా ఉన్నారు. వాళ్లనీ ఏమీ అనను, వాళ్లూ మాట పడాల్సొస్తుందనే దాచారు.

కరీంనగర్ కోడలు:
పన్నెండు రోజులా! ఇది తెల్వక మాట్లాడిన తమ్ముడూ. పెండ్లికి పోవద్దనే మాట మాత్రం మావారికి ఇంకా చెప్త, నా భయం నాది. కానీ ఆయన పడుకున్న మంచం పక్కన నిలబడి "చెప్తే విన్నవా" అన్న. అది అనొద్దుండె.

గోస్తని ఒడ్డు:
ఆదివారం పెదనాన్న వస్తున్నారు. సిస్టరు రాసింది ఆయనకి చదివి వినిపిస్తాను. అమ్మని పక్కన కూర్చోబెట్టుకునే చదువుతాను. ఆ రోజు నుంచి ఆవిడ నాతో సరిగా మాట్లాడటం లేదు.