ఇంటర్నెట్ కాల్‌ను నడిపించాల్సింది ఫోనా, నెట్‌వర్కా?

ప్యాకెట్‌ప్రియుడు:
సూటిగా అడుగుతున్నాను. ఇంటర్నెట్ కాల్‌కి మధ్యలో ఇన్ని పెట్టెలెందుకు? కాల్ మొదలుపెట్టే, ముగించే సందేశాల ప్రమాణమైన సిప్ 1999లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) 2543గా వచ్చినప్పుడూ, 2002లో ఆర్‌ఎఫ్‌సీ 3261గా దాన్ని తిరగరాసినప్పుడూ అనుకున్నది వేరు. తెలివంతా ఫోన్లలో ఉంటుంది. మధ్యలో ప్రాక్సీ (సందేశాలను ముందుకు పంపే సర్వర్) ఉన్నా, ఇన్వైట్‌ను, అంటే పిలుపు సందేశాన్ని, చేరాల్సిన చోటికి చేర్చి పక్కకి తప్పుకుంటుంది. మరీ అవసరమైతే సందేశం పైభాగంలో రికార్డ్-రూట్ అనే హెడర్ పెట్టి తర్వాతి సందేశాలూ తన మీదుగా రమ్మంటుంది. మాటను మోసే ఆర్‌టీపీ ప్యాకెట్లు మాత్రం ఈ ఫోన్ నుంచి ఆ ఫోన్‌కి నేరుగా పోతాయి.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? నెట్‌వర్క్ సరిహద్దు ఎక్కడుంటే అక్కడ ఒక ఎస్‌బీసీ (సెషన్ బోర్డర్ కంట్రోలర్). ఇది ప్రాక్సీ కాదు. వచ్చిన కాల్‌ని తనే ఎత్తుకుంటుంది, అవతలికి తనే కొత్త కాల్ చేస్తుంది. కాల్-ఐడీ మారుస్తుంది, తర్వాతి సందేశాలు ఎక్కడికి పంపాలో చెప్పే కాంటాక్ట్ మారుస్తుంది, మాట ఎక్కడికి ఎలా రావాలో చెప్పే ఎస్‌డీపీలో అడ్రస్ మారుస్తుంది, తెలియని హెడర్ కనిపిస్తే చాలాసార్లు తీసి పారేస్తుంది. రెండు ఫోన్లూ కొత్త కోడెక్‌కి (మాటను డిజిటల్‌గా మార్చే పద్ధతికి) సిద్ధంగా ఉన్నా, మధ్యలో ఉన్న పెట్టెకి అది తెలియకపోతే అంతే సంగతులు. పాత ఎక్స్ఛేంజిని గెంటేశామని సంబరపడి, దాన్నే దొడ్డిదారిన తెచ్చి కూర్చోబెట్టుకున్నాం. కాల్ నియంత్రణ ఫోన్ చేతిలోనే ఉండాలి, ఎస్‌బీసీలు పోవాలి. ఇదీ నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పాతఎక్స్ఛేంజి:
కాదనేవాడిని నేనున్నాను తమ్ముడూ. ముక్కూమొహం తెలియని నెట్‌వర్క్ నుంచి ఇన్వైట్ వస్తుంది. పిలిచేది ఎవరో చెప్పే ఫ్రమ్ హెడర్ మామూలు టెక్స్ట్, అందులో ఎవరి నంబరైనా రాసుకోవచ్చు. ఆ కాల్ నిమిషాలకు డబ్బు ఎవరు కట్టాలి? అత్యవసర కాల్ అయితే ఏ కేంద్రానికి పంపాలి? ఇవేవీ ఫోన్ తేల్చగలిగేవి కావు.

సిప్ వాడే 5060 పోర్టు ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టి చూడండి. కాసేపటికే పాస్‌వర్డ్ ఊహిస్తూ రిజిస్టర్ (లాగిన్) అభ్యర్థనలు వరస కడతాయి. ఒక్క ఎక్స్‌టెన్షన్ దొరికితే చాలు, తెల్లారేసరికి ఖరీదైన విదేశీ నంబర్లకి కాల్స్ వెళ్లిపోయి బిల్లు మన నెత్తిన పడుతుంది. ఈ పాఠం పాతదే. ఒకప్పుడు సిగ్నలింగ్ (కాల్ కలిపే, తెంపే సంకేతాలు), మాట ఒకే తీగలో నడిచేవి. 2600 హెర్ట్జ్ ఈల వేసి ఎక్స్ఛేంజీల మధ్య ఉండే ట్రంకు లైన్లను బోల్తా కొట్టించేవాళ్లు ఉండేవారు. సిగ్నలింగ్‌ని వేరే దారికి మళ్లించాకే వాళ్ల ఆట కట్టింది. సిప్‌తో సిగ్నలింగ్‌ని మళ్లీ వాడేవాడి చేతికే ఇచ్చాం. సరిహద్దులో కాపలా లేకుండా ఎలా?

రాత్రిడ్యూటీ:
వాదన మీరు చేసుకోండి, నేను ట్రేస్ (కాల్ సందేశాల రికార్డు) చూపిస్తాను. మాకు తరచూ వచ్చే ఫిర్యాదు: "మాట బాగానే వినిపిస్తుంది, అర నిమిషం దాటగానే కాల్ కట్."

ట్రేస్ తెరిస్తే ప్రతిసారీ అదే బొమ్మ. ఇన్వైట్ వెళ్లింది. 100 ట్రయింగ్, 180 రింగింగ్ వచ్చాయి. అవతలివాళ్లు ఎత్తారు, 200 ఓకే వచ్చింది. దానికి జవాబుగా పిలిచిన ఫోన్ ఆక్ (అందింది అనే సందేశం) పంపింది. ఎక్కడికి? 200 ఓకేలోని కాంటాక్ట్‌లో ఉన్న అడ్రస్‌కి. అక్కడ ఉన్నది 192.168తో మొదలయ్యే లోపలి అడ్రస్. నాట్ (లోపలి అడ్రస్‌లను బయటి అడ్రస్‌గా మార్చే రూటర్ ఏర్పాటు) వెనకాల ఉన్న ఫోన్ తనకి తెలిసిన అడ్రసే పాపం నిజాయితీగా రాసింది. ఆక్ గాల్లో కలిసిపోయింది.

ఎత్తిన ఫోన్ ఆక్ కోసం చూస్తూ 200 ఓకేని మళ్లీ మళ్లీ పంపుతుంది. అర సెకను ఆగి, ఆపైన ఒక సెకను, రెండు, నాలుగు, అక్కడి నుంచి నాలుగేసి సెకన్లకు ఒకసారి. సిప్‌లో టీ1 అనే మూల గడువు అర సెకను కాబట్టి దానికి 64 రెట్లు, అంటే సరిగ్గా 32 సెకన్లకి విసిగిపోయి కాల్ ముగించే బై పంపేస్తుంది. ఫిర్యాదులో "ముప్పై సెకన్లకి" అన్న మాట కనిపిస్తే నేను నేరుగా ఆక్ దగ్గరికే వెళ్తాను.

దీనికి రెండు మందులున్నాయి. ఇంటి రూటర్లో సిప్ ఏఎల్‌జీ (సిప్ సందేశాల్లో అడ్రస్‌లు మార్చే సదుపాయం) ఆన్‌లో ఉంటే ముందు ఆపెయ్యాలి. సాయం చేస్తున్నాననుకుని సగం అడ్రస్‌లు మార్చి, సగం వదిలేసే రకం అది. రెండోది ఎస్‌బీసీ. అదైతే కాంటాక్ట్‌లో తన అడ్రస్ పెడుతుంది, ఆక్ తన దగ్గరికే వస్తుంది, కాల్ నిలబడుతుంది. ప్యాకెట్‌ప్రియుడు గారూ, మీరు తీసెయ్యమంటున్న పెట్టె వల్లే నాకు రాత్రిళ్లు కాస్త నిద్ర పడుతోంది.

గేట్‌కీపర్1996:
చరిత్ర విషయంలో ఒక సవరణ. సిప్ అంటే స్వేచ్ఛ, అంతకుముందున్నదంతా ఎక్స్ఛేంజి బుద్ధి అన్నట్టు మాట్లాడుతున్నారు. 1996లో అంతర్జాతీయ టెలికాం ప్రమాణాల సంస్థ ఐటీయూ-టీ తెచ్చిన హెచ్.323 అనే కాల్ ప్రమాణంలో కూడా గేట్‌కీపర్ (మధ్యలో కాల్స్‌ని నియంత్రించే సర్వర్) తప్పనిసరి కాదు. రెండు ఎండ్‌పాయింట్లు 1720 పోర్టు మీద నేరుగా మాట్లాడుకోవచ్చు. దాని బరువు ఇంకోచోట ఉంది. ఐఎస్‌డీఎన్ (పాత డిజిటల్ ఫోన్ లైన్లు) కాలపు క్యూ.931 సందేశాలు, బైనరీ ఎన్‌కోడింగ్, పిలుపుకొక టీసీపీ కనెక్షన్, మీడియా (మాటను మోసే ప్యాకెట్లు) బేరానికి హెచ్.245 పేరుతో మరొకటి. 1998 నాటి రెండో వెర్షన్‌లో ఫాస్ట్ కనెక్ట్ వచ్చాక కొంత తేలికైంది. సిప్‌కి పేరొచ్చింది దాన్ని కంటితో చదవగలం కనుక. రాత్రిడ్యూటీ గారు ఆ ట్రేస్‌ని అంత సులువుగా చదివారంటే అందుకే.

నిజంగా ఫోన్ చేతులు కట్టేసినవి ఎంజీసీపీ, హెచ్.248 అనే ప్రమాణాలు. ఎంజీసీపీనే తీసుకోండి. "రిసీవర్ ఎత్తారు" అని గేట్‌వే (పాత ఫోన్‌ని ఐపీకి కలిపే పెట్టె) చెబుతుంది. "డయల్ టోన్ ఇవ్వు, నొక్కిన అంకెలు పంపు" అని కాల్ ఏజెంట్ అనే కేంద్ర సర్వర్ ఆజ్ఞాపిస్తుంది. తర్వాత "కనెక్షన్ తెరువు", చివర్లో "మూసెయ్". గేట్‌వేకి కాల్ అంటే ఏమిటో కూడా తెలియనక్కర్లేదు. వేల పాత లైన్లను ఐపీకి తిప్పాల్సి వచ్చినప్పుడు ఆ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసింది. దాన్ని తిట్టేవాళ్లలో చాలామంది అలాంటి మార్పిడి చేసి ఉండరు.

ప్యాకెట్‌ప్రియుడు:
రాత్రిడ్యూటీ గారూ, మీరు చూపించింది నాట్ జబ్బు. దానికి ఫోన్‌లోనే మందుంది. స్టన్‌తో బయటి అడ్రస్ తెలుసుకోవచ్చు, ఐస్‌తో అన్ని దారులూ పరీక్షించుకోవచ్చు, ఏదీ కుదరకపోతే ప్యాకెట్లను తన మీదుగా మోసే టర్న్ రిలే ఉంది. ఐస్ 2010లోనే ఆర్‌ఎఫ్‌సీ అయింది.

పాతఎక్స్ఛేంజి గారి కాపలా సంగతికొస్తాను. 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4474 వచ్చింది. పిలిచేవాడి డొమైన్ ఆ సందేశం మీద డిజిటల్ సంతకం చేస్తుంది. సంతకం కిందికి ఫ్రమ్, కాంటాక్ట్, ఎస్‌డీపీ అన్నీ వస్తాయి. దొంగ నంబర్లకి ఇంతకన్నా మంచి మందేముంది? కానీ దారిలో ఎస్‌బీసీ కాంటాక్ట్‌నీ ఎస్‌డీపీనీ మార్చగానే సంతకం చెల్లకుండా పోయింది. 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8224 దాని స్థానంలోకి వచ్చేసరికి సంతకాన్ని పిలిచిన నంబరు, పిలవబడిన నంబరు, సమయం వరకు కుదించుకోవాల్సి వచ్చింది. దొంగల్ని పట్టడానికి పెట్టిన కాపలావాడే గుర్తింపు కార్డు చింపేశాడు. దీనికేమంటారు?

పాతఎక్స్ఛేంజి:
బాగా పట్టుకున్నారు, కానీ కథ సగమే చెప్పారు. 4474 దెబ్బతినడానికి ఎస్‌బీసీ ఒక్కటే కారణం కాదు. ఈమెయిల్ లాంటి అడ్రస్ అయితే దాని డొమైన్ ఎవరిదో తెలుస్తుంది. ఫోన్ నంబరుకి డొమైన్ ఎక్కడిది? ఆ నంబరు ఎవరికిచ్చారో చెప్పగలిగేది దాన్ని ఇచ్చిన నెట్‌వర్కే. అందుకే అమెరికాలో 2021 జూన్ 30 గడువుతో పెద్ద కంపెనీలకు తప్పనిసరి చేసిన స్టిర్/షేకెన్ అనే కాలర్ గుర్తింపు విధానంలో సంతకం ఫోన్ చెయ్యదు, కాల్ మొదలైన నెట్‌వర్క్ చేస్తుంది. వాడు నా ఖాతాదారు, ఈ నంబరు వాడుకునే హక్కు వాడికుంది అంటే ‘ఏ’ (A) స్థాయి. ఖాతాదారు నాకు తెలుసు, నంబరు సంగతి తెలియదంటే ‘బీ’. వేరే గేట్‌వే నుంచి వచ్చింది, ఇంతకుమించి చెప్పలేనంటే ‘సీ’. ఈ పూచీ ఏ ఫోన్ ఇవ్వగలదు? పైగా దారిలో ఒక్క పాత టీడీఎం (ఐపీ కాని టెలిఫోన్) లింకు తగిలితే ఆ సంతకాన్ని మోసే ఐడెంటిటీ హెడర్ అక్కడే రాలిపోతుంది. ఆ పాపం ఎస్‌బీసీది కాదు.

ఇంకో మాట. 4జీ మీద వోల్టీ (4జీ డేటా మీద నడిచే) కాల్‌లో మాటకు క్యూసీఐ 1 అనే ప్రత్యేక బేరర్ (ప్రాధాన్యమున్న దారి) తెరవాలి. ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో తెలియాలంటే కాల్ నడుస్తోందని నెట్‌వర్క్‌కి తెలిసి తీరాలి. ఐఎంఎస్‌లో (మొబైల్ కంపెనీల కాల్ వ్యవస్థలో) సిప్ సందేశాలు సీఎస్‌సీఎఫ్‌లనే సర్వర్ల మీదుగా నడవడానికి అదొక కారణం. ఫోన్లు గుట్టుగా మాట్లాడుకుంటే రద్దీలో వాటికి దారి ఎవరిస్తారు?

బ్రౌజర్‌బాబు:
మీ ఇద్దరూ 2002 దగ్గరే ఆగిపోయారు. బ్రౌజర్లోనే కాల్ నడిపే వెబ్‌ఆర్‌టీసీ చూడండి. 2021 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణమైంది. మీడియా ఎలా నడవాలో పూసగుచ్చినట్టు చెప్పింది, ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి చేసింది. సిగ్నలింగ్ మాత్రం మీ ఇష్టం అని కావాలనే వదిలేసింది. ప్యాకెట్‌ప్రియుడు గారు కోరిన స్వేచ్ఛ ఇదే కదా. ఫలితం? ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి కాల్ పోదు. ప్రతివాడి సర్వర్ ప్రతివాడిది. ఎస్‌బీసీ గొడవ తప్పింది నిజమే, ఎందుకంటే దాటడానికి సరిహద్దే లేదు, గోడే ఉంది.

మధ్యలో ఎవరూ వద్దనుకున్న స్కైప్ గతి కూడా చూశాం. 2003లో పీర్-టు-పీర్‌గా మొదలైంది, వాడేవాళ్ల కంప్యూటర్లే సూపర్‌నోడ్లు, అంటే మిగతావాళ్లని కలిపే కేంద్రాలు. 2007 ఆగస్టులో విండోస్ అప్‌డేట్‌తో కంప్యూటర్లు మూకుమ్మడిగా రీస్టార్ట్ అయి, అన్నీ ఒకేసారి లాగిన్‌కి ఎగబడితే రెండు రోజులు పడకేసింది. 2012 నాటికి ఆ సూపర్‌నోడ్లను మైక్రోసాఫ్ట్ తన సర్వర్లకి మార్చుకుంది.

ప్యాకెట్‌ప్రియుడు:
నంబరుకి పూచీ నెట్‌వర్కే ఇవ్వాలన్న మాట ఒప్పుకుంటాను. గోడల మాటా నిజమే. కానీ పూచీ ఇవ్వడానికి సంతకం చేస్తే చాలదా? నా ఎస్‌డీపీలో చెయ్యి పెట్టడమెందుకు, మాటను తన గుండా లాక్కోవడమెందుకు, హెడర్లు పీకడమెందుకు? సిగ్నలింగ్ సరిహద్దులో ఆగనీ, చూడనీ, దొంగ కాల్ అయితే 403 (అనుమతి లేదు) కొట్టనీ. మీడియా జోలికి మాత్రం రావొద్దు.

రాత్రిడ్యూటీ:
మీడియాని వదిలేయమంటే అన్ని చోట్లా కుదరదు. అవతలి కంపెనీవాళ్లు నా వైపు ఒక్క ఐపీకే ఫైర్‌వాల్ తెరుస్తారు, ఆర్‌టీపీ దాని మీదుగానే రావాలి. హెడర్ల సంగతి వేరు. మేం వాడే పెట్టెలో తెలియని హెడర్లను తీసెయ్యడం డిఫాల్ట్‌గా వచ్చింది, ఎవరూ మార్చలేదు. నిన్న టెస్ట్ ట్రంకు (కంపెనీల మధ్య కాల్ లింకు) మీద పోనివ్వమని పెట్టాను. ఇంతవరకు ఏదీ విరగలేదు. వచ్చే వారం ఒక అసలు ట్రంకు మీద పెట్టి ట్రేస్‌లు ఇక్కడే వేస్తాను, మీరే చూసి చెప్పండి.

పాతఎక్స్ఛేంజి:
పెట్టేముందు బిల్లింగ్ వాళ్లకి ఒక మాట చెప్పండి. వాళ్లు ఏ హెడర్ మీద లెక్క కడుతున్నారో వాళ్లకే సరిగ్గా గుర్తుండదు.